బెంగళూరు వాతావరణ కేంద్రానికి ఊలు అల్లేవారి విన్నపం

గౌరవనీయులైన డైరెక్టరు గారికి,

ఈ నగరంలో ఊలు, సూదులు పట్టిన వాళ్లందరూ తమరికి విన్నవించుకునేది ఒక్కటే: చలి చాలడం లేదు.

అత్యాశ అనుకోకండి, లెక్క మీ దస్త్రాల్లోనే ఉంది. 1884 జనవరి 13న బెంగళూరులో 7.8 డిగ్రీలు నమోదైంది. ఊరి చరిత్రలో అంతకు మించిన చలి లేదు. బెంగళూరు ఊలెన్, కాటన్ అండ్ సిల్క్ మిల్స్ మొదలైందీ 1884లోనే. ఊలు మిల్లుకు అంతకంటే మంచి ముహూర్తం ఏ పురోహితుడు పెడతాడు? అంతకుముందు ఏడాది ఆగస్టులో క్రకటోవా అగ్నిపర్వతం బద్దలై, దాని ధూళి భూమినంతా కాస్త చల్లబరిచింది. అల్లేవాళ్లు ఇప్పుడు అగ్నిపర్వతాన్ని అడగడం లేదు. కానీ జనవరి సగటు కనిష్ఠం 16 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే ఫుల్ హ్యాండ్స్ స్వెట్టరు ఎవరికి తొడగాలి? 2016 ఏప్రిల్‌లో అయితే ఏకంగా 39.2 డిగ్రీలు. సగం అల్లిన శాలువా ఒళ్లో పెట్టుకుని ఆ నెల గడిపిన వాళ్ల గోడు ఏ బులెటిన్‌లోనూ రాలేదు.

అందుకే ఇక్కడి తెలుగు ఇళ్లలో అల్లిక ఎగుమతుల మీద బతుకుతోంది. అమెరికాలో అమ్మాయి నీళ్లోసుకుందన్న కబురు అందగానే బీరువాలోంచి సూదులు బయటికొస్తాయి. డల్లాస్ నుంచి కూతురు డిజైను పంపుతుంది. పదో నంబరు సూదులు వాడమని అందులో ఉంటుంది. అమ్మమ్మ చిక్‌పేట వెళ్లి పదో నంబరే కొనుక్కొస్తుంది. చిక్కంతా అక్కడే. మన దుకాణాల్లో నడిచేది పాత బ్రిటిష్ లెక్క, నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. పది అంటే 3.25 మిల్లీమీటర్లు. అమెరికాలో పది అంటే 6. మనవడికని మొదలెట్టిన టోపీ చివరికి బత్తాయికి సరిపోతుంది. (ఇది తూనికలు కొలతల శాఖకు రాసుకోవలసిన మాట. కలం ఊపులో ఉంది కనుక మీకూ చెప్పేస్తున్నారు.)

సూది సరిపడిందనుకుంటే ఊలు మొండికేస్తుంది. చెయ్యి ఇంకో జానెడు ఉండగా ఉండ అయిపోతుంది. అదే కంపెనీ, అదే షేడ్ నంబరు తెచ్చినా డై లాట్, అంటే రంగేసిన విడత, వేరైతే రంగు కలవదు. దుకాణంలో ట్యూబ్‌లైటు కింద కలిసినట్టే ఉంటుంది, ఇంటి కిటికీ దగ్గర బండారం బయటపడుతుంది. ఇక ఒక్క కుట్టు జారిందా, కింద ఎన్ని వరసలున్నా నిచ్చెన మెట్లలా విడిపోతూ పోతుంది. క్రోషే సూదితో ఒక్కో మెట్టూ పైకెక్కించి కుట్టును మళ్లీ సూది మీద కూర్చోబెట్టిన వాళ్ల ముఖం చూడాలి! స్వెట్టరు పూర్తయినప్పుడు కూడా అంత వెలుగు ఉండదు.

ఇంత యాతన ఎందుకని మీరు అడగవచ్చు. ఉన్నవి రెండే కుట్లు, నిట్, పర్ల్. జడలైనా, గళ్లైనా ఆ రెండింటి మార్పులూ చేర్పులే. చేతికి లెక్క పట్టుబడ్డాక బుర్ర ఖాళీ అవుతుంది. 2013లో ఒక బ్రిటిష్ ఆక్యుపేషనల్ థెరపీ పత్రికలో అచ్చయిన సర్వేలో 3,545 మంది అల్లేవాళ్లు పాల్గొన్నారు. ఎక్కువసార్లు అల్లేవాళ్లలో ప్రశాంతత, సంతోషం ఎక్కువని తేలింది. సిల్క్ బోర్డ్ జంక్షన్‌లో ట్రాఫిక్‌కు క్యాబ్ ఆగిపోయినప్పుడు వెనక సీట్లో నింపాదిగా వరసలు లెక్కపెట్టుకునే మనిషిని చూసినవాళ్లకు ఆ సర్వే అక్కర్లేదు. 2025 ఆగస్టులో ఆ జంక్షన్ మీదుగా ఎల్లో లైన్ మెట్రో వచ్చి ఆ తీరికకూ గండి కొట్టిందని కొందరి ఫిర్యాదు. అది మెట్రో వారితో విడిగా తేల్చుకుంటారు.

తమరిని కోరేది కొంచెమే. డిసెంబరులో ఓ నాలుగు రాత్రులు 12 డిగ్రీలకు దించండి. దించే ముందు రెండు నెలల గడువివ్వండి. పెద్దవాళ్ల స్వెట్టరంటే కిలోమీటరుకు పైగా ఊలు వేళ్ల మధ్య నుంచి నడవాలి. పట్టపగలు ఉక్కపోతలో కూడా మఫ్లరు తీయని పెద్దమనుషులు ఈ ఊళ్లో బోలెడుమంది. వాళ్లను మాత్రం మీ హెచ్చరికల పరిధి నుంచి మినహాయించవచ్చు.

ఇట్లు,
బెంగళూరు అల్లికదారులు

జతపరచినది: టోపీ ఒకటి. తమరి తల కొలత తెలియక సాగే రిబ్ అల్లికలో వేశారు. ఎడమ చెవి దగ్గర నీలం కాస్త ముదిరినట్టు కనిపిస్తే, అది డై లాట్ తేడా.