మాస్టారికి ఇవ్వకూడని సలహాలు

"మావాడికి కాస్త భయం చెప్పండి మాస్టారూ." గుడివాడలోనైనా నాగాయలంకలోనైనా పిల్లాణ్ణి బడిలో చేర్చే తండ్రి నోట తరచూ వచ్చే మాట ఇది. కళ్లు వదిలేసి తోలు వలిచెయ్యమనేవాళ్లూ ఉన్నారు. ఈ సలహా వినకండి. పిల్లల్ని కొట్టడాన్నీ, మనసు గాయపరచడాన్నీ 2009 నాటి విద్యాహక్కు చట్టమే నిషేధించింది. చట్టం లేకపోయినా నేనిదే చెబుతాను. దెబ్బకు జడిసినవాడు ముందుగా నేర్చుకునేది తప్పు దాచడం. పక్కవాడి నోటుబుక్కు చూసి దింపేస్తాడు, తెలియలేదని చెయ్యెత్తడు. వాడెక్కడ ఆగిపోయాడో మాస్టారికి ఇక తెలిసేదెలా?

"పాసయ్యేవాళ్లను చూసుకోండి, మిగతావాళ్ల మీద టైము దండగ" అనేది స్టాఫ్‌రూము సలహా. పాసు మార్కు 35 అయితే, 28 దగ్గర ఆగిన పిల్లకు కావలసింది ఏడు మార్కుల పాఠమే. పక్కన కూర్చుని ఏ లెక్కలో ఏ మెట్టు తప్పిందో చూపించండి. వెనక బెంచీలో పడేస్తే, మాస్టారే తేల్చేశారని ఆ పిల్ల అనుకుంటుంది.

"నీకేం, ఫస్టొస్తావు" అని ఊదరగొట్టమనేవాళ్లది మంచి మనసే. కానీ రాకపోతే మాస్టారికి మొహమెలా చూపించాలన్న బెంగ అదనంగా పట్టుకుంటుంది.

అన్నిటికంటే చెడ్డ సలహా మరొకటుంది: మాస్టారు పిల్లల ముందు తడబడకూడదట. బందరు హిందూ హైస్కూల్లో తెలుగు చెప్పిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు అవధాని. పృచ్ఛకులు అడిగినదానికల్లా నిండు సభలో అప్పటికప్పుడు పద్యం చెప్పాలి. ధారణ తప్పితే అందరి ముందే తప్పుతుంది. అలాంటి పరీక్షకు పదేపదే కూర్చున్న మనిషికి విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు శిష్యులయ్యారు. గురువే పరీక్షకు నిలబడడం శిష్యుడికి గొప్ప ధైర్యమని నా గట్టి నమ్మకం.

అంత వెనక్కి వెళ్లనక్కర్లేదు. అవనిగడ్డ డీఎస్సీ కోచింగుకు పేరుపడ్డ ఊరు. 2018 తర్వాత మళ్లీ పెద్ద డీఎస్సీ జరిగింది 2025లో, 16,347 పోస్టులకు. అద్దెగదుల్లో ఏళ్లతరబడి చదివి, ఒకటి రెండుసార్లు తప్పి, చివరికి పోస్టు తెచ్చుకున్న టీచర్లు మన బళ్లలో ఉన్నారు. ఆ సంగతి క్లాసులో దాచమంటే ఎంత అన్యాయం! చెప్పండి. ఎన్ని మార్కుల్లో పోయిందో, ఆ రాత్రి అన్నం సయించిందో లేదో, మళ్లీ పుస్తకం ఎప్పుడు తెరిచారో అన్నీ చెప్పండి.

రిజల్ట్స్ వచ్చినరోజు "తప్పినవాళ్లను కదిలించకండి, వాళ్లే తేరుకుంటారు" అంటారు. అది మాత్రం అస్సలు వినకండి. ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లండి. ముందు తండ్రితో మాట్లాడండి, సప్లిమెంటరీ ఫీజు గడువు చెప్పండి. పిల్లాడు మాటాపలుకూ లేకుండా ఉంటే ఒంటరిగా వదలొద్దనండి, మానసిక సాయం అందించే టెలీమానస్ నంబరు 14416 రాసివ్వండి. ఆ ఫోను రాత్రీపగలూ పనిచేస్తుంది. రేపు బడి వదిలాక ఏ గదిలో ఉంటారో, ఎన్నింటికి రావాలో ఆ పిల్లాడికే చెప్పి రండి.