నా ఒంటి మీది గీత
(ఒక ఎదుగుదల కార్డు ఆత్మకథ)

ఆఫీసు కాగితాల్లో నా పేరు మాతాశిశు సంరక్షణ కార్డు. అరకు లోయ ఊళ్ళలో అంత పొడుగు పేరుతో ఎవరికీ పనిలేదు. అక్కడ కార్డు అంటే చాలు. గర్భిణి పేరు నమోదైనప్పుడు ఏఎన్ఎమ్ చేతి మీదుగా ఇంటికొస్తాను. అక్కణ్ణుంచి నా కాపురం ప్లాస్టిక్ సంచిలో, రేషన్ కార్డుకీ ఆధార్ కార్డుకీ మధ్య, పొయ్యి పొగ తగిలే దూలం కింద. టీకాల రోజున, తూకం రోజున బయటికి తీస్తారు. నాలో చాలా పేజీలున్నాయి కానీ తల్లిదండ్రులు తడిమి చూసుకునేవి రెండే. ఒకటి నెలనెలా బిడ్డ బరువును చుక్కగా పెట్టి కలిపే గీతల పేజీ. రెండోది బిడ్డ ఎప్పటికి నవ్వుతుంది, కూర్చుంటుంది, నడుస్తుంది అని బొమ్మలేసిన పేజీ. ఈ రెండింటినీ తీర్పు కాగితాల్లా చదివే అలవాటు అందరికీ ఉంది. చుక్క ఆకుపచ్చలో పడితే పాసు, పసుపులో పడితే ఫెయిలు. పక్కింటి పిల్ల నడిచేసి మన పిల్ల నడవకపోతే ఇల్లంతా బెంగ. నా వాదన ఒక్కటే: ఎదుగుదలను చుక్కలో వెతకొద్దు. ఆ చుక్క పోయిన నెల చుక్క నుంచి ఎటు కదిలిందో అందులో వెతకండి.

మా వంశం ఈ మాట మీదే పుట్టింది. 1950ల చివర్లో డేవిడ్ మోర్లీ అనే ఇంగ్లీషు డాక్టరు నైజీరియాలోని ఇమెసి అనే పల్లెలో పనిచేస్తూ, బరువుల గీత ఉన్న కార్డును ఆస్పత్రి బీరువాలో పెట్టకుండా తల్లి చేతికిచ్చాడు. జబ్బు బయటపడక ముందే గీత వంగుతుంది, ఆ వంపు ముందు చూడాల్సింది తల్లి అని ఆయన లెక్క. మన దేశంలో 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) మొదలయ్యాక అంగన్‌వాడీ గోడల మీదికి మా వాళ్ళు చేరారు. కానీ అప్పటి కొలబద్ద బోస్టన్ పిల్లల బరువుల మీద కట్టింది. దాన్నిబట్టి పిల్లలకు ఒకటి నుంచి నాలుగు దాకా గ్రేడ్లు వేసేవారు. గ్రేడు చెప్పేది ఈ నెల సంగతి ఒక్కటే. పైకి ఎక్కుతున్న బిడ్డకీ కిందికి జారుతున్న బిడ్డకీ ఒకే గ్రేడు పడొచ్చు, పడేది కూడా. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త ప్రమాణాలు విడుదల చేసింది. 2008లో అవి ఐసీడీఎస్‌లోకి వచ్చాయి. ఆడపిల్లకొక పేజీ, మగపిల్లాడికొక పేజీ పెట్టుకుని ఇప్పటి నా రూపం దిద్దుకున్నది ఆ తరవాతే.

ఇక్కడే మొదటి అభ్యంతరం లేస్తుంది. 'మా కొండ పిల్లలు పుట్టుకతోనే కురచ. తల్లీ కురచే, తండ్రీ కురచే. ఎక్కడి పిల్లలతోనో వీళ్ళను కొలవడం ఏం న్యాయం?' న్యాయమైన ప్రశ్నే. ఆ కొత్త ప్రమాణాలు ఎలా వచ్చాయో చూడాలి. 1997 నుంచి 2003 దాకా ఆరు చోట్ల సుమారు 8,500 మంది పిల్లల్ని కొలిచారు: బ్రెజిల్‌లో పెలోటస్, ఘనాలో అక్రా, మన దక్షిణ ఢిల్లీ, నార్వేలో ఓస్లో, ఒమన్‌లో మస్కట్, అమెరికాలో డేవిస్. తల్లిపాలు తాగినవాళ్ళను, ఇంట్లో తిండికీ వైద్యానికీ కొరత లేనివాళ్ళను మాత్రమే తీసుకున్నారు. పొడుగులో కనిపించిన తేడాల్లో సుమారు 70 శాతం ఒకే చోటి పిల్లల మధ్య ఉన్నవే. దేశానికీ దేశానికీ మధ్య ఉన్నది 3 శాతం. ఆ ఆరు చోట్లలో ఆదివాసీ ఊరు ఒక్కటీ లేదు, ఒప్పుకుంటాను. అయినా ఓస్లో, అక్రా, ఢిల్లీ పిల్లలు మొదటి అయిదేళ్ళు దాదాపు ఒకేలా పెరిగినప్పుడు, అనంతగిరి ఘాటు ఎక్కగానే రక్తం మారిపోతుందనడానికి ఆధారం చూపించాల్సింది ఆ మాట అన్నవాళ్ళే. తల్లి కురచదనం బిడ్డ మీద పడుతుంది, అది వేరే సంగతి. తనకు చిన్నప్పుడు తిండి చాలని తల్లికి చిన్న బిడ్డ పుడుతుంది. ఆ బాకీ ఒక తరంలో తీరదు. కాబట్టే 2.4 కిలోలతో పుట్టిన బిడ్డను ఆకుపచ్చలో ఎందుకు లేవని నిలదీయడం కన్నా, నెలనెలా ఎక్కుతున్నదా అని చూడటం మేలంటాను.

లెక్కలో చెబితే ఇంకా తేలిక. ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారనుకోండి. మొదటి పిల్ల ఆరో నెలలో 6.9 కిలోలు, ఏడో నెలలో 6.9, ఎనిమిదో నెలలో 6.9. మూడు చుక్కలూ ఆకుపచ్చలోనే. రెండో పిల్ల 5.5, 5.8, 6.1. మూడూ పసుపులోనే, ఎందుకంటే ఆ నెలల్లో ఆకుపచ్చ మొదలయ్యేది 5.7, 6.0, 6.3 దగ్గర. రంగు చూసేవాళ్ళు మొదటి పిల్ల తల్లిని మెచ్చుకుని పంపేస్తారు, రెండో తల్లిని చీవాట్లు పెడతారు. గీత చూసేవాళ్ళు ఆ పని చెయ్యరు. ఆ వయసులో నెలకు 300 గ్రాముల దాకా పెరగాల్సిన బిడ్డ రెండు నెలలుగా ఒక్క గ్రామూ పెరగలేదంటే ఇంట్లో ఏదో జరిగింది. వరసగా విరేచనాలా, జ్వరమా, పాలు తప్ప ఇంకేమీ మొదలుపెట్టలేదా అని అడగాల్సింది ఆ తల్లినే. రెండో పిల్లకు అదనపు తిండి కావాలి, సందేహం లేదు. కానీ ఆమె తల్లి చేస్తున్నది పనిచేస్తోంది. ఒక్క మినహాయింపు: చుక్క నారింజ రంగులో పడినా, జబ్బచుట్టు టేపు 11.5 సెంటీమీటర్లకు లోపు చూపించినా, పాదాలు వాచినా ఇంకో నెల చుక్క కోసం ఆగకూడదు. అప్పుడు ఆస్పత్రే.

గీతను అంత నమ్మొచ్చా అంటారా? చుక్క సరిగ్గా పడితేనే. వేలాడే ముల్లు తూకం 25 కిలోల దాకా చూపిస్తుంది, దాని మీద గీతకూ గీతకూ మధ్య 100 గ్రాములు. ఖాళీ జోలె తగిలించి ముల్లును సున్నా దగ్గరికి తెచ్చాకే బిడ్డను కూర్చోబెట్టాలి. బిడ్డ ఏడ్చి కాళ్ళు తన్నుతుంటే ముల్లు అటూ ఇటూ ఊగుతుంది. డిసెంబరు చలిలో స్వెట్టరు, టోపీ విప్పించడానికి ఏ నాయనమ్మా తేలిగ్గా ఒప్పుకోదు. ఆ స్వెట్టరు బరువు చాలు ఆ నెల గీతను అబద్ధం చెయ్యడానికి. వయసు దగ్గరా తంటానే. ఇంట్లో పుట్టిన బిడ్డకు తేదీ ఉండకపోవచ్చు. ఇటుకల పండగ ముందా తరవాతా, వలిసెలు పూసినప్పుడా కోసినప్పుడా అని అడిగి నెల తేల్చాలి. రెండు నెలలు తప్పితే రంగే మారిపోతుంది. అయితే ఒకే తప్పు ప్రతి నెలా ఉంటే చుక్కలన్నీ పక్కకు జరుగుతాయే గాని, ఎక్కుతున్నదా ఆగిందా అన్నది చాలావరకు తెలుస్తూనే ఉంటుంది. గీతను నమ్మమనడానికి నాకున్న గట్టి కారణాల్లో ఇదొకటి.

ఇక బొమ్మల పేజీ. దీన్ని తేదీల పట్టికలా చదివేవాళ్ళు ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల పనిలోనే మన దేశంతో కలిపి అయిదు దేశాల్లో 816 మంది పిల్లల కదలికలు గమనించారు. ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నెలల నుంచి 9.2 నెలల మధ్య ఎప్పుడైనా రావొచ్చు. ఒంటరిగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య. అంటే ఒక పిల్ల తొమ్మిదో నెలలో, ఇంకో పిల్ల పదిహేడో నెలలో నడిస్తే ఇద్దరూ మామూలు పిల్లలే. 4 శాతానికి కొంచెం పైగా పిల్లలు చేతులూ మోకాళ్ళ మీద పాకనే లేదు. పెంపకం కూడా ఇందులో చెయ్యి పెడుతుంది. కెన్యాలో కిప్సిగిస్ తల్లులు పిల్లలకు కూర్చోవడం, నడవడం పనిగట్టుకుని నేర్పుతారు. ఆ రెండూ వాళ్ళ పిల్లలకు అమెరికా పిల్లలకన్నా సుమారు నెల ముందే వచ్చాయి. నేర్పని పాకడం ముందు రాలేదు. మన కొండల్లో బిడ్డ తల్లి వీపునో అక్క చంకనో ఎక్కువసేపు ఉంటుంది. అది లోపం కాదు, కానీ రోజులో కొంతసేపు చాప మీద వదలాలి.

ఈ రెండు పేజీలూ వేరువేరు అనుకోవడమే నాకు నచ్చని సంగతి. ఆరో నెల దాటాక బిడ్డ కూర్చుంటుంది, చేతికందింది నోట్లో పెట్టుకుంటుంది, పాకుతుంది, మట్టి తింటుంది. సరిగ్గా అప్పుడే తల్లిపాలు ఒక్కటే సరిపోని దశ వస్తుంది. ఒంట్లో శక్తి ఖర్చు పెరిగింది, జబ్బు పెరిగింది, తిండి మాత్రం పల్చటి అంబలి. చోళ్ళు మంచివే, వంద గ్రాముల్లో కాల్షియం 300 మిల్లీగ్రాములకు పైనే. కానీ పలచగా కలిపితే ఆ గుప్పెడు పొట్ట నీళ్ళతో నిండిపోతుంది. కావాల్సింది గరిటె నుంచి జారని చిక్కటి జావ, అందులో చెంచా నూనె, మెదిపిన పప్పు, గుడ్డు. కొత్త కదలిక వచ్చిన నెలలోనే గీత ఆగిపోవడం వింతేమీ కాదు. ఇంట్లో వాళ్ళు 'నడక మొదలుపెట్టాడు, అందుకే చిక్కాడు' అని సంబరపడి ఊరుకుంటారు. నడకకు తగ్గ తిండి పడలేదని నేనంటాను.

'అంత వెడల్పు గడువు ఇస్తే ఎవరూ దేనికీ బెంగపడరు, వాడి నాన్న కూడా ఆలస్యంగానే నడిచాడంటూ కూర్చుంటారు' అన్నది ఇంకో అభ్యంతరం. నిజమే, గడువు దాటితే ఆగకూడదు. పద్దెనిమిది నెలలకూ నడవని బిడ్డను డాక్టరుకు చూపించాల్సిందే. కానీ గడువుకన్నా గట్టి గుర్తు ఒకటుంది, అదీ దిశే. వచ్చిన విద్య పోవడం. కూర్చునే పిల్ల కూర్చోలేకపోయినా, మాటలు వచ్చిన పిల్లాడు మాట మానేసినా ఏ వయసైనా సరే అదే వారం చూపించాలి. మాటల దగ్గర ఇంకో మెలిక ఉంది. ఇంట్లో ఆదివాసీ ఒడియానో కువీనో, అంగన్‌వాడీలో తెలుగు వినే బిడ్డకు వచ్చిన మాటలన్నీ కలిపి లెక్కపెట్టాలి. తెలుగు మాటలు మాత్రమే లెక్కపెడితే చురుకైన పిల్లకు మందమతి ముద్ర పడుతుంది. కువీ, ఆదివాసీ ఒడియాలతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో బడి చదువు మొదలుపెట్టిన ఉమ్మడి రాష్ట్రానికి 2004 నాటికే ఈ సంగతి తెలుసు.

కన్నతల్లికి తెలియనిది కాగితానికి తెలుసా అని కూడా అడుగుతారు. చాలా విషయాల్లో తెలియదు. బిడ్డ అలిగిందో, దడుచుకుందో నాకేం తెలుసు? కానీ కంటికి ఒక బలహీనత ఉంది, అది పక్కవాళ్ళతో పోలుస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ళలోపు పిల్లల్లో 31.2 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరు. దాదాపు ముగ్గురిలో ఒకరు కురచగా ఉన్నచోట కురచదనం కంటికి ఆనదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం మరొకటుంది. గీత వంగిందని తెలిసి తల్లి ఏం చెయ్యగలదు? నవంబరు నుంచి జనవరి దాకా కాఫీ పళ్ళు కోతకు వెళ్తేనే చేతికి డబ్బు. బిడ్డ ముసలమ్మ దగ్గరో ఎనిమిదేళ్ళ అక్క దగ్గరో ఉంటుంది. వానల్లో మలేరియా, రోడ్డు లేని గూడేల నుంచి ఇప్పటికీ డోలీ. అలాంటిచోట నన్ను చూపించి తల్లిని తిట్టడం నాకు అవమానం. ఒక కార్డులో గీత వంగితే ఆ ఇంటిని అడగండి. ఒకే ఊళ్ళో ఒకే నెలలో పది కార్డుల్లో వంగితే అడగాల్సింది పది మంది తల్లులను కాదు. ఆ నెల గుడ్లు వచ్చాయా, నీటి ఊట ఏమైంది, దోమల మందు కొట్టారా, కోతల వేళకు అంగన్‌వాడీ సాయంత్రం దాకా తెరిచారా అని పాడేరులోని అధికారుల దాకా అడగాలి. ఇప్పుడు పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చింది, అంగన్‌వాడీ టీచర్ ఫోన్లోనే గీత గీస్తుంది, పైవాళ్ళకు అంకెలు వెళ్తాయి. మంచిదే. కానీ ఆ ఫోన్ టీచర్‌ది. తల్లి దగ్గర మిగిలేది నేనే, చాలా ఊళ్ళలో నా బరువుల పేజీ తెల్లగా ఉంటోంది.

కాబట్టి అమ్మలారా, అయ్యలారా, వచ్చే తూకం రోజున బరువు ఫోన్లోకి ఎక్కాక లేచి వచ్చేయకండి. నన్ను తెరిచి టీచర్ ముందు పెట్టి, చుక్క నా మీద కూడా పెట్టించండి, పోయిన నెల చుక్కతో కలిపించండి. గీత ఎక్కిందా, ఆగిందా, దిగిందా అని అడిగి జవాబు విన్నాకే ఇంటికి బయలుదేరండి.