సీత సినిమాకు వెళ్లిన వాక్యానికి టీకా తాత్పర్యం

మూలము

ఇయేర్ సీత ఎతాలే ఓ సినెమా; ఎలా మాంజే దే ఫ్రీత్.

(పదో తరగతి ఫ్రెంచి పేపరులో మిత్రునికి రాయు లేఖ యందలిది.)

ప్రతిపదార్థము

ఇయేర్ = నిన్నటి దినమున; సీత = ఆ పేరు గల బాలిక (జనకుని కూతురు కాదు, ఆమె కాలమున సినిమా హాళ్లు లేవు); ఎత్ = ‘ఎత్ర్’ అను సహాయక్రియతో; అలే = వెళ్లినదై; ఓ సినెమా = సినిమాకు; ఎల్ = ఆమె; ఆ = ‘అవ్వార్’ అను వేరొక సహాయక్రియతో; మాంజే = తినెను; దే ఫ్రీత్ = వేయించిన బంగాళదుంప ముక్కలను.

‘ఎల్’, ‘ఆ’ కలిసి ‘ఎలా’ అయినవి. ఇది ప్రశ్న కాదు.

తాత్పర్యము

సీత నిన్న సినిమాకు వెళ్లింది, ఫ్రెంచ్ ఫ్రైస్ తిన్నది.

విశేషములు

ఇంతేనా అంటారు. చెవికి ఇంతే, మార్కులు పోయేది కాగితం మీద. ‘అలే’ అన్న ఒక్క ధ్వనికి ఫ్రెంచిలో ఆరు రాతలున్నాయి. వెళ్లినవాడికి ఒకటి, వెళ్లినామెకు చివర మూగ అక్షరం తగిలించి ఒకటి, బహువచనాలకు రెండు, ‘వెళ్లడం’కు ఒకటి, ‘మీరు వెళతారు’లోది ఒకటి. ఆరూ ఒకేలా పలుకుతాయి.

పూర్వపక్షం: ఉచ్చారణ చక్కగా వస్తే రాత అదే వస్తుంది కదా?

సమాధానం: తెలుగులో వస్తుంది. ‘వెళ్లింది’ అంటే లింగం చెవిన పడుతుంది, విన్నది రాస్తే సరిపోతుంది. ఆ అలవాటే ఇక్కడ మనవాళ్ల కొంప ముంచుతోంది.

సీత వెళ్లినప్పుడు స్త్రీలింగ చిహ్నం కావాలి, తిన్నప్పుడు అక్కర్లేదు. కారణం సహాయక్రియ. రావడం, పోవడం, పుట్టడం, చావడం వంటివి ‘ఎత్ర్’ను పట్టుకుంటాయి, కర్తను బట్టి మారతాయి. (చావుపుట్టుకల్ని రాకపోకల్లో కలిపినందుకు మన వేదాంతులెవరూ అభ్యంతరం చెప్పరు.) తినడం ‘అవ్వార్’ పక్షం, దానికి కర్త ఎవరైనా ఒకటే. అయితే కర్మ ముందుకొచ్చి ‘సీత తిన్న ఫ్రైస్’ అన్నామా, ‘మాంజే’ ఆ ముక్కల్ని బట్టి స్త్రీలింగ బహువచనం అయి కూర్చుంటుంది. 16వ శతాబ్దంలో క్లెమాఁ మారో అనే కవి ఇటాలియన్‌ను చూపి సమర్థించిన నియమమిది. దీన్ని ఎత్తేయాలని 2018లో బెల్జియం మాజీ ఉపాధ్యాయులిద్దరు వాదించారు. వాదం నెగ్గేదాకా మార్కులు కోస్తూనే ఉంటారు.

ఇక బట్టీ సంగతి. గైడులో అమ్మాయి పేరుతో ఉన్న సెలవుల ఉత్తరాన్ని అబ్బాయి కంఠస్థం చేసి, ‘నేను వెళ్లాను’ అన్నచోట మూగ అక్షరంతో సహా దించి, కింద ‘రాహుల్’ అని సంతకం పెడతాడు. గడగడా అప్పజెప్పినప్పుడు ఎవరికీ దొరకడు. దిద్దేవారికి మొదటి వాక్యంలోనే దొరుకుతాడు.

మందు ఒకటే. ఉత్తరం రాశాక అర్థం కోసం చదవకండి, అది మీకు తెలిసిందే. భూతకాల క్రియ కనబడిన ప్రతిచోటా వేలు పెట్టి వెనక్కి నడవండి: ముందున్నది ఎత్రా, అవ్వారా? ఎత్ర్ అయితే ఎవరు, ఎందరు? అవ్వార్ అయితే కర్మ ముందుందా? పెదవి కదపకుండా, కంటితోనే చూడండి. మూడు గంటల పరీక్షలో చివరి పది నిమిషాలు దీనికి అట్టిపెట్టుకోండి, అడిషనల్ షీటు అడగడానికి కాదు.