విమానాల మాస్టారు

విమానాల మాస్టారిని గుర్తుపట్టడం తేలిక. పెన్ను ఉండాల్సిన జేబులో రబ్బరు బ్యాండ్లు, ప్యాంటు నిండా థర్మకోల్ నుసి. ఎనిమిదో తరగతి పిల్ల విసిరిన గ్లైడరు ముక్కు పైకెత్తి, గాల్లో క్షణం ఆగి, దబ్బున పడితే క్లాసంతా "అయ్యో" అంటుంది. ఆయన మాత్రం కూతురికి సంబంధం కుదిరిన తండ్రిలా వెలిగిపోతాడు. తోక బరువైందని కనిపెట్టిన ఆ పిల్ల, గ్లైడరు ముక్కుకు రూపాయి బిళ్ల అంటిస్తుంది. ఈసారి గ్లైడరు తిన్నగా నేలలోకే దిగబడుతుంది. మాస్టారికి మరీ సంబరం. "బిళ్లని కాస్త వెనక్కి జరుపమ్మా. ఎంత జరిపావో రాసుకో. రెక్క జోలికి మాత్రం పోకు!" ఒకసారికి ఒకటే మార్చాలన్నది ఆయన ఇంట్లో కూడా అమలు చేసే శాసనం.

కింద పడ్డా పైచేయి మాదే అనే బాపతు అని ఆయన్ని కొట్టిపారేసేవాళ్లు రైట్ సోదరుల సంగతి చూడాలి. 1901లో వాళ్ల గ్లైడరుకు, అచ్చులో ఉన్న లెక్కల ప్రకారం రావాల్సిన లిఫ్టులో, అంటే పైకెత్తే బలంలో, మూడో వంతే వచ్చింది. సైకిలు షాపువాళ్లు కదా, ఆ అచ్చు అంకెలంటే మొహమాటపడలేదు. ఆరడుగుల చెక్కపెట్టెలోకి ఫ్యానుతో గాలి కొట్టి, రంపం బ్లేడ్లు, సైకిలు చువ్వలతో త్రాసులు చేసుకుని, దాదాపు 200 రకాల రెక్కల్ని పరీక్షించారు. 1903 డిసెంబరు 17న వాళ్ల విమానం పన్నెండు సెకన్లు ఎగిరింది ఆ కొలతల పుణ్యమే.

పిల్లలకు రెడీమేడ్ డ్రోను కొనిస్తే పోలా అంటారు కొందరు. డ్రోను మంచిదే. కానీ అది ఒరిగినప్పుడల్లా లోపలి చిప్పు సెకనుకు వందలసార్లు సర్దేస్తుంది. పిల్లకు తప్పు కనబడేలోపే తప్పు మాయం. ఆ సర్దే ప్రోగ్రాం పిల్ల చేతే రాయిస్తే మాస్టారికీ అభ్యంతరం లేదు. ఇక "ఈఏపీసెట్‌లో వస్తుందా?" అనే తండ్రులకు, ఇంటర్ ఫిజిక్సులోని ద్రవ్యరాశి కేంద్రాన్నే ఈ రూపాయి బిళ్ల జరుపుతుందని ఆయన ఓపిగ్గా చెబుతాడు. ఎగిరెగిరి దంచినా అంతే కూలి అని స్టాఫ్‌రూమ్ నవ్వుకుంటుంది. ఆయనలో నిజమైన లోపం వేరే ఉంది. గ్లైడరు కిటికీలోంచి సాఫీగా దూరి హెడ్మాస్టరు టేబుల్ మీద దిగిందనుకోండి, దూరం టేపుతో కొలిచాకే క్షమాపణ చెబుతాడు.