మా గోడల్లో తొర్రలుండేవి

మా రోజుల్లో హైదరాబాదు బహదూర్‌పురాలో ఇల్లు కట్టారంటే అందులో పిట్టలకూ చోటుండేది. వాటి కోసమని ఎవరూ కట్టలేదు, ఆ కట్టడమే అలాంటిది. డంగుసున్నంతో లేపిన లావుపాటి గోడలు, టేకు దూలాలు, పైన గూనపెంక. దూలం గోడలోకి దూరిన చోట చెయ్యి పట్టేంత సందు మిగిలేది. వెలుతురు కోసం పైన పెట్టిన రోషన్‌దాన్‌కు అద్దం ఉండేది కాదు. పెంక కింద పిచ్చుక, గోడ తొర్రలో రామచిలుక, పాడుబడిన దేవిడీల్లో పైడికంటె. గడ్డిపోచలు పప్పుగిన్నెలో పడుతున్నాయని మా అమ్మ విసుక్కునేది గానీ, గూడు తీసెయ్యమని ఎన్నడూ అనలేదు. పిచ్చుక గుడ్లు పొదగడానికి రెండు వారాల లోపే, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు వారాలు. అన్నాళ్లూ ఎంత ఎండ కాసినా ఆ గదిలో పంకా వేసేవాళ్లం కాదు. పక్కింటి ఖాలా రోజూ మిద్దె మీద సజ్జలు చల్లేది.

ఇప్పుడేమున్నాయి? గోడకు గోడ ఆనించి నాలుగంతస్తులు. సిమెంటు, పుట్టీ, అల్యూమినియం కిటికీలు, దోమల జాలీలు. పిచ్చుక దూరడానికి వేలెడు సందు లేదు. మిగిలింది సజ్జా మీద, ఏసీ డబ్బా వెనకాల ఇంత చోటు. అది పావురానికి సరిపోతుంది, ఎందుకంటే అది మొదట కొండచరియల్లో గూడు పెట్టిన జాతి. ఎత్తున ఒక అంచు దొరికితే నాలుగు పుల్లలు పరిచి రెండు గుడ్లు పెడుతుంది. ఏడాదిలో ఏ కాలమైనా దానికి ఒకటే.

“పిట్టలు లేవంటవేంది తాతా, గిన్ని పావురాలున్నయ్ గద!” అంటాడు మా మనవడు. ఉన్నాయిరా. కాకులున్నాయి, గద్దలూ ఉన్నాయి. తొర్రలో పెట్టేవీ, పొదలో పెట్టేవీ ఎక్కడికి పోయాయని నేనడుగుతున్నాను. 1931–32లో సలీం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. తన నేల మీద ఏ పిట్ట ఉందో తెలుసుకోవాలని ఆనాడు రాజ్యానికే అనిపించింది. ఇవాళ మా గల్లీలో ఎన్ని గూళ్లున్నాయో అడిగినవాళ్లు లేరు.

గుడ్ల దొంగలు అప్పుడు లేరా అంటే, ఉన్నారు. కాకి ఉంది, పిల్లి ఉంది, జెర్రిపోతు ఉంది, జెముడుకాకి ఉంది. అయితే మా వాకిట్లో దానిమ్మ, వెనక గోరింట, దడి పొడుగునా రేగుముళ్లు ఉండేవి. పిగిలిపిట్ట ఆ ముళ్లలో గిన్నెలాంటి గూడు కట్టేది. ఒకసారి గుడ్లు పోతే పక్క పొదలో మళ్లీ కట్టుకునేది. ఇప్పుడు దానికి దొరికేది బాల్కనీలో వేలాడే పూలకుండీ. ఎదురుగా కేబుల్ తీగల మీద కాకి కూర్చుని, తల్లి ఎటు పోతోందో, ఎటు వస్తోందో చూస్తూనే ఉంటుంది.

ఆ కాకుల్ని పెంచింది మనమే. కోడిషాపుల పేగులు, హోటళ్ల ఎంగిళ్లు సందు చివర కుప్ప పోస్తే కాకి, ఎలుక, పిల్లి పెరగక ఏమవుతాయి? చెత్తతో కడుపు నిండడం వల్ల, నగరాల్లో వేటాడే జీవాలు ఎన్ని పెరిగినా గూళ్ల నష్టం అంత లెక్కన పెరగడం లేదని కొందరు శాస్త్రవేత్తలు అంటారు. కావచ్చు, కొన్ని ఊళ్లలో అలాగే ఉండవచ్చు. మా దగ్గర కాకి పిల్లల్ని చేసే కాలం ఎండాకాలమే, పిగిలిపిట్టదీ అదే కాలం. పిల్లలున్న కాకికి ఎంగిలన్నం ఒక్కటే సరిపోదు, మాంసం కావాలి. పొదలన్నీ కొట్టేశాక దానికి వెతికే శ్రమ కూడా లేదు.

మీర్ ఆలం చెరువు సంగతి చెప్పకుండా ఉండలేను. ఇరవై ఒక్క కమానులు వరసగా నిలబెట్టి కట్టిన ఆ కట్ట వైపు ఈతచెట్లు, తుమ్మచెట్లు నీళ్ల మీదికి వంగి ఉండేవి. గిజిగాడికి అంతకంటే మంచి చోటు లేదు. పాము కొమ్మ చివరిదాకా రాలేదు, కాకికి వేలాడే గూటి మీద కాలు నిలవదు, ద్వారమేమో కింద గొట్టంలా ఉంటుంది. మగపిట్ట సగం అల్లి ఆపుతుంది, ఆడది వచ్చి చూసి ఒప్పుకుంటేనే మిగతా సగం. ఇవాళ ఆ నీళ్ల మీద గుర్రపుడెక్క, ఒడ్డున ఇళ్లు. 1963లో తెరిచిన జూపార్కు పక్కనే లేకపోతే మా వైపు పెద్ద చెట్టన్నదే మిగిలేది కాదు. ఆ 380 ఎకరాల ప్రహరీకి నేను దండం పెడతాను.

ఇక నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది కొమ్మలు నరకడం. వానలొస్తే తీగలకు తగులుతాయని సరిగ్గా ఏప్రిల్, మే నెలల్లో నిచ్చెనలేసుకుని వస్తారు. ఒకసారి వేపకొమ్మతో పాటు గూడు కింద పడితే, ఆ పిల్లలు చీమల పాలు కాకుండా ఆపలేకపోయాను. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం పక్షుల గుడ్లు పాడుచేయడాన్ని, గూళ్లను కదిలించడాన్ని కూడా వేట కిందే లెక్కగట్టింది. ఆ పనేదో వానలు వెళ్లాక అక్టోబరులో చేస్తే తీగలకు వచ్చే నష్టమేమిటి? సంక్రాంతి పోయి నెలలు గడిచినా చెట్లకు వేలాడే గాలిపటాల మాంజా మాటేమిటి? దారమనుకుని పిట్టలు దాన్ని గూటికి మోసుకుపోతే పిల్లల కాళ్లకు చుట్టుకుంటుంది. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే నిషేధించింది. మా గల్లీలో ప్రతి జనవరికీ కొత్త చుట్టలు దిగుతూనే ఉన్నాయి.

మా వెనక సందులో ఇప్పుడొక ఇల్లు లేస్తోంది. మేస్త్రీకి చెప్పి వచ్చాను: “బిడ్డా, తూర్పు గోడకు, సజ్జా నీడలో, మనిషికి అందనంత ఎత్తున రెండు బొక్కలు వదులు. మూడు సెంటీమీటర్లకు జర్రంత ఎక్కువ ఉంటె చాలు, మరీ పెద్దగైతే కాకి ముక్కు పెడ్తది. లోపల జానెడు జాగ ఉంచు. పడమటి గోడకు మాత్రం వద్దు, మే నెల ఎండకు పిల్లలు మాడిపోతయ్.” తల ఊపాడు. ప్లాస్టరింగ్ రోజున మళ్లీ వెళ్తాను.