పూట సాహసి

విశాఖపట్టణపు సముద్రతీరపు బాటలో, ఆదివారమునాడు ఇంకను చీకటి విడువకముందే, నెత్తిన బోర్లించిన పుచ్చకాయడిప్పవంటి శిరస్త్రాణమును, వెనుక మిణుకుమిణుకుమను ఎఱ్ఱదీపమును, జేబులో రెండు అరటిపండ్లును ధరించి, సైకిలుపై ముందునకు వంగి, భీమునిపట్టణపు దిక్కుగా సాగిపోవుచున్న నలువదియైదేండ్ల గృహస్థుడెవడైన కంటబడినచో, పాఠకులు తొందరపడి ఆయన వ్యాయామము చేయుచున్నాడని భావింపరాదు. వ్యాయామము ఆయన దృష్టిలో వైద్యుని బలవంతముపై చేయు అల్పకార్యము; ఉద్యానవనములలో గుండ్రముగా నడచు విశ్రాంతోద్యోగులకు తగినది. ఆయన చేయుచున్నది సాహసయాత్ర. అయితే అది ఎనిమిదిన్నరకు ముగియవలెను; ఏలయన, తొమ్మిదింటికి కుళాయి బాగుచేయువాడు ఇంటికి వచ్చెదనని చెప్పియున్నాడు. ఇట్టివానికి పూట సాహసి యని నేను పేరు పెట్టుకొంటిని. ఈ జాతివారు ఇప్పుడు మన పట్టణములన్నిటను కలరు గాని, ఒకవైపు కొండలును మరియొకవైపు కడలియు కలిసివచ్చుటచేత విశాఖలో వీరి సంఖ్యయు, ధీమాయు రెండును అధికము.

వీరి మతమునకు ఆచార్యుడొకడు ఇంగ్లండున కలడు. ఆలస్టెయిర్ హంఫ్రీస్ అను నాయన నాలుగేండ్లకాలము సైకిలుపై భూప్రదక్షిణము చేసివచ్చి, పిమ్మట కొన్నాళ్ళకు, సాహసమునకై అంతదూరము పోనక్కరలేదనియు, ధనము లేనివాడును, ఉద్యోగము విడువలేనివాడును ఇంటికి దగ్గరలోనే ఒక పూటలోనో ఒక రాత్రిలోనో దానిని సాధింపవచ్చుననియు బోధింప మొదలిడి, 2014లో ఆ విషయమై ఒక గ్రంథమునుగూడ ప్రకటించెను. సాయంకాలము అయిదింటికి కచేరీ విడిచినవాడు మరునాటి ఉదయము తొమ్మిదింటికిగాని మరల హాజరు కానక్కరలేదు గనుక, నడుమనున్న 16 గంటలును వాని సొంతమేయని ఆ మతమువారి లెక్క. ఈ లెక్కలో కూరలు తెచ్చుట, పిల్లవానికి ఎక్కములు చెప్పుట, అత్తగారి మందులకు పోవుట అనునవి ఎచ్చటను కానరావు, అది యట్లుండనిండు. హంఫ్రీస్ మొదట భూగోళమును చుట్టివచ్చి, అటుపిమ్మట ఇంటిచుట్టు తిరిగినను చాలునని గ్రహించెను. మన పూట సాహసి అందలి మొదటి భాగమును విసర్జించి, సారాంశమును మాత్రము స్వీకరించెను.

"పైసా ఖర్చు లేదండీ!" అనుట ఈయన ఊతపదము. పైసా ఖర్చులేని ఈ సాహసమునకు కావలసిన సంభారములు ఇవి: 32,000 రూపాయల సైకిలు, అడుగున మెత్త కుట్టిన నిక్కరు, చెమటను పీల్చు చొక్కా, గుండె ఎన్నిమారులు కొట్టుకొనినదో చెప్పు చేతిగడియారము, ముందొక దీపము, వెనుకొక దీపము, నీళ్ళసీసాలు రెండు, ట్యూబులు, పంపు, వీనినన్నిటిని మోయుటకొక సంచి. ఇదంతయు ఒకమారు పెట్టిన మూలధనమే గాని ఖర్చు కాదని, బ్యాంకు ఉద్యోగి యగుటచేత, ఆయన సులభముగా నిరూపింపగలడు. ఆయన ఇల్లాలు లెక్కల పంతులమ్మ. ఆమె ఈ మూలధనమును ఆయన భీమిలికి పోయివచ్చిన పర్యాయములచేత భాగించి, అచ్చట తిన్న ఒక్కొక్క ఇడ్లీ ఎంతకు పడినదో నోటిలెక్కగా చెప్పగలదు. అందుచేత ఇడ్లీల సంఖ్య పెంచుటయే పొదుపని ఆయన నిశ్చయించుకొని, ఆ ప్రకారమే నడచుకొనుచున్నాడు.

ఈ సంభారములలో ఆయనకు మిక్కిలి క్లేశము కలిగించునది నిక్కరు. అది తొడలను కరచిపట్టుకొనునట్టిది. వెనుకనున్న మెత్త చీకటిలోగూడ దాగునట్టిది కాదు. నాలుగవ అంతస్తునుండి దిగుటకు లిఫ్టు ఉన్నదిగాని, అందులో పూలు కోయుటకై దిగు వృద్ధసువాసినులుకూడ ఉందురు. కావున ఆయన నిక్కరుపై లుంగీ కట్టుకొని, కాపలావాని గదిదాక గృహస్థుగా వచ్చి, అచ్చట లుంగీ విప్పి మడతపెట్టి సంచిలో నుంచుకొని, గేటు దాటిన పిమ్మట సాహసియగును. తిరిగివచ్చునప్పుడు ఈ క్రమము తలక్రిందులగును.

యాత్రలో మొదటి మజిలీ కురుసుర. 31 ఏండ్లు నౌకాదళమున సేవచేసి 2001లో విశ్రమించి, ఆ మరుసటియేట ఇసుకపై ప్రదర్శనశాలగా వెలసిన ఆ జలాంతర్గామికి సైకిలును ఎదురుగా నిలిపి ఫొటో తీయనిదే ఆయన ముందుకు కదలడు. ఆ నౌకయు మారలేదు, ఆ సైకిలును మారలేదు. అయినను ప్రతివారమును ఫొటో తీయవలసినదే. పిదప తెన్నేటి పార్కు వచ్చును. 2020 అక్టోబరులో గాలివానకు అచ్చటి రాళ్ళపైకి కొట్టుకొనివచ్చిన బంగ్లాదేశపు ఓడ కథను వెంటవచ్చినవానికి ఆయన చెప్పును. వినినవాడైనను మరల వినవలెను, ఏలయన ఎగువబాటలో ఊపిరి తీసికొనుటకు కథ చెప్పుటకంటె గౌరవమైన సాకు లేదు.

ఋషికొండ దాటి మంగమారిపేట చేరునప్పటికి సూర్యుడు ఒక మూర పైకి వచ్చును; రాత్రియంతయు సముద్రముమీద గడపిన పడవలు ఒడ్డునకు చేరుచుండును. ఒకనాడు వల దులుపుచున్న ముసలి జాలరియొకడు ఈయన సైకిలును నఖశిఖపర్యంతము పరికించి,

"ఈ సైకిలెంతేటి బాబూ?" అని యడిగెను.

"ముప్పైరెండు వేలు."

"మరి ఇంజినేదేటి?"

మన సాహసి మందహాసముచేసి తన తొడను చరచి చూపెను. జాలరి ఆ తొడను కొంతసేపు చూచి, ఏమియు అనక, తన వలలోని కవ్వళ్ళవైపు తిరిగెను. నడిసముద్రమున రేయి గడపి వచ్చినవానికిని, అరటిపండు తిని వచ్చినవానికిని నడుమ జరిగిన ఈ సంవాదమును ఆయన తన స్నేహితులకు చెప్పునప్పుడు, జాలరి ఆశ్చర్యచకితుడై మూగవోయెనని ముగించుట కలదు.

అచ్చటనే సముద్రము తొలిచిన సహజశిలాతోరణము, దానికెదురుగా తొట్లకొండ. కొండ ఎత్తు 128 మీటర్లు మాత్రమే గాని సైకిలు త్రొక్కువానికి ప్రతి మీటరును స్వయముగా తెలిసివచ్చును. మూడవ మలుపునొద్ద ఆయన దిగి, బండిని త్రోసికొనుచు నడచును. దానిని ఓటమియని అనరాదు, "మిశ్రమయాత్ర" యని అనవలెను. పైన రెండువేల ఏండ్లనాటి బౌద్ధవిహారము. నౌకాదళమువారు స్థావరముకొరకు విమానముపై సర్వే చేయుచుండగా అది బయటపడినదనియు, 1988 నుండి 1993 వరకు త్రవ్వకములు జరిగినవనియు, భిక్షువులు వాననీటికై రాతిని తొలిచి తొట్లు చేసికొనిరనియు ఆయన చెప్పును. ఇవి యన్నియు సత్యములే. ఆ భిక్షువులు వర్షర్తువంతయు అచ్చటనే యుండిరి. ఈయన పదునైదు నిమిషములుండి, నీళ్ళు త్రాగి, లౌకికబంధములు గుర్తునకు వచ్చి దిగిపోవును.

నేనిట్లు పరిహసించుచున్నను, ఈ యొక్క విషయమున ఆయనకే నా ఓటు. వేసవి వచ్చినచో ఊటీకి, దసరా వచ్చినచో సింగపూరుకు టిక్కెట్లు కొనువారిలో ఎందరు తొట్లకొండ ఎక్కిరి? ఎఱ్ఱమట్టి దిబ్బలలో, ఇనుము చేరి కెంపెక్కిన ఆ ఇసుకగట్ల నడుమ, ఎందరు ఒక గంటసేపు నడచిరి? భీమిలిలో డచ్చివారి సమాధులు కలవనియు, 1861లోనే ఆ యూరికి మునిసిపాలిటీ ఏర్పడెననియు, గోస్తని సముద్రమున కలియుచోటు అదేయనియు విశాఖలో పుట్టి పెరిగినవారిలో సగముమంది ఈయన చెప్పగా వినినవారే. 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషములలోపల ముగింపవలెనని చెమటలు గ్రక్కు బ్రెవే యాత్రికులను చూచినచో ఈయనకు జాలి. వారు రోడ్డును, గడియారమును తప్ప మరేమియు చూడరట. ఈయన అన్నియు చూచును. టీకొట్టు ఒక్కటియు విడువడు.

ఈ జాతిలోనే పరుగెత్తు శాఖయొకటి కలదు. వారికి భీమిలి అక్కరలేదు. సొంతపేటలోని వీథులన్నిటిని ఒక్కటియు విడువక పరుగెత్తి, పటముమీద ఎఱ్ఱగీతలు నింపుట వారి వ్రతము. అడవులకు పోయినవారికి వన్యమృగములెట్లో వీరికి వీథికుక్కలట్లు. పరుగెత్తినచో కుక్క తరుమును. నిలిచినచో అదియు నిలుచును. క్రిందికి వంగినచో, రాయి దొరకకున్నను, అది వెనుకకు తగ్గును. ఈ మూడు సూత్రములును తెలియకముందు వారు సాధించిన వేగమును తరువాత మరల సాధింపలేకపోయిరి.

ఇంటికి దగ్గరలో, ఖర్చులేక, కాలినడకన దూరము పోవుట నూతనావిష్కరణమని ఈయన తన తల్లికి ఒకనాడు వివరించెను. ఆమె వత్తులు చేసికొనుచు వినెను. ఆషాఢపౌర్ణమికి ముందునాడు సింహాచలము కొండ అడుగున తొలిపావంచావద్ద కొబ్బరికాయ కొట్టి, 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణమును లక్షలమందితో కలిసి చెప్పులు లేక నడచి, మరునాడు యథాప్రకారము పొయ్యి వెలిగించిన ఇల్లాండ్రలో ఆమె యొకతె.

"అంతదూరం నడిస్తే మధ్యలో నీళ్ళూ, శక్తీ ఎలాగమ్మా? ప్రణాళిక వద్దూ?"

"దారిపొడుగునా జనం ఇస్తూనే ఉంటారురా. పులిహోర కూడా పెడతారు."

ఆయన కొంతసేపు ఆలోచించి, ఆమె పాదములకు కొలత అడిగెను. పుట్టినరోజునకు పరుగుబూట్లు కొనియిచ్చుటకు. ఆమె వలదనెను.

తిరుగుప్రయాణమునందలి విశేషమొకటి కలదు. మన తీరము నైరృతినుండి ఈశాన్యమునకు సాగును. వేసవిని పొద్దెక్కినకొలది నైరృతిగాలి బలియును. కావున భీమిలికి పోవునప్పుడు గాలి వీపున చేయివేసి త్రోయును. వచ్చునప్పుడు అదే గాలి రొమ్మున చేయివేసి ఆపును. గాలి నిరోధము వేగముతో సమానముగా కాక, దాని వర్గముతో పెరుగునని ఈయన చదివియేయున్నాడు. అయినను పోవునప్పటి వేగమునకు కారణము తన సాధనయనియు, వచ్చునప్పటి నెమ్మదికి కారణము గాలియనియు ఆయన నమ్మకము. ఇడ్లీల పాత్రను ఆయన ఎన్నడును పరిశీలింపలేదు.

ఎట్టకేలకు గేటునొద్దకు వచ్చి గడియారము చూచుకొనగా 59.6 కిలోమీటర్లని యుండెను. అట్టి సంఖ్యతో ఇల్లు చేరుట అసంభవము. వెంటనే ఆయన సెల్లారులో నిలిపిన కార్లనడుమ సైకిలుపై ప్రదక్షిణములు మొదలిడెను. కాపలావాడు కుర్చీనుండి లేచి వచ్చి,

"ఏటి బాబూ, ఏటైనా పడిపోనాదా?" అనెను.

"ఏం లేదు. ఇంకా నాలుగువందల మీటర్లుంది."

"ఎక్కడికి బాబూ?"

దీనికి ఉత్తరము లేదు. పైనుండి పంతులమ్మగారు, కుళాయివాడు వచ్చి అరగంటయైనదని కేకవేసిరి. ఆయన మరి రెండు చుట్లు చుట్టి, 60.0 అని కనబడినవెంటనే గడియారమును ఆపి, లుంగీ కట్టుకొని లిఫ్టెక్కెను.

పాఠకులారా, ఈయన మిమ్ములనుగూడ వచ్చు ఆదివారము రమ్మనును, నన్నును రమ్మనెను. తప్పక వెళ్ళుడు; తొట్లకొండమీదినుండి సముద్రము చూచుటకైనను వెళ్ళుడు. అయితే పంపు మాత్రము మీరే తీసికొనిపొండు. తన సంచిలో నున్నదని ఆయన ప్రమాణపూర్వకముగా చెప్పును. సంచిలో నుండునది లుంగీ.