శిక్ష వాడికి, బిల్లు మనకి

మెట్రోలో వెకిలివేషాలేస్తే జరిమానా చాలదు, జైల్లో తోయాల్సిందేనని హైటెక్ సిటీ సాయంత్రపు రద్దీలో ఒకటే గోల.

2002లో మెట్రో చట్టం చేసినప్పుడు తాగి తూలినా, బూతులు తిట్టినా గరిష్ఠ జరిమానా 500 రూపాయలే పెట్టారు.
తాగిన బిల్లే అంతకు రెండింతలై ఉంటుంది!

సరే, లోపలేద్దాం.
గది మనదే. కాపలా మనదే. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పప్పన్నం, జ్వరమొస్తే డాక్టరు, వాయిదాకు ఎస్కార్టు... అన్నీ మన ఖాతాలోనే.
రాయదుర్గం నుంచి ఒంటికాలి మీద నిలబడి ఇంటికెళ్లేవాడే టికెట్టుకీ కట్టాలి, లాఠీకీ కట్టాలి, సాంబారుకీ కట్టాలి.

సంగారెడ్డి పాత జైల్లో 2016లో ‘ఫీల్ ద జైల్’ అనే పథకం పెట్టారు. ఏ పాపం ఎరగని పెద్దమనిషి ఒక రోజు ఊచలు లెక్కపెట్టాలంటే అప్పట్లో రుసుము 500.
రైల్లో తూలినా 500, బుద్ధిమంతుడు జైలు చూసినా 500.
నేరం చేసి వెళ్తే మాత్రం పూర్తిగా ఉచితం!

అన్నట్టు, ఆడవాళ్లకు కేటాయించిన చోట ఫోన్ చూసుకుంటూ నిలబడ్డ సాఫ్ట్‌వేర్ సారూ... కఠిన శిక్షల సంగతి తర్వాత చూద్దాం, ముందు తమరు కాస్త అవతలికి జరగండి. దానికి ఖజానా నుంచి పైసా అక్కర్లేదు.